హోల్ట్ గారి రెండో చెంప

అబ్సలమ్ పర్నెల్ కత్తిని తోలుపట్టీ మీద ఆడిస్తూనే కుర్చీ మీద ఓ కన్నేసి ఉంచాడు. హోల్ట్ గారు మొహం నిండా నురుగుతో కళ్ళు మూసుకుని ఉన్నారు. ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది. చెంపలు నిన్నటికంటే ఇంకా లోపలికి పోయాయి. అలాంటి చర్మం మీద కత్తి నడపడం కష్టం. వేలితో చెంపను పైకి లాగి, ఎముక దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలి.

పెన్సిల్వేనియాలోని ఆ ఊళ్ళో పెద్దమనుషులందరికీ అబ్సలమ్ చెయ్యంటే గురి. గోడ అరలో వాళ్ళ గడ్డాలకి సబ్బు నురుగు కలిపే కప్పులు వరసగా ఉంటాయి, పింగాణీవి, ఒక్కోదాని మీద ఒక్కో పేరు బంగారు రంగులో. జడ్జిగారిది, ధాన్యం వ్యాపారి ష్రైనర్‌ది, బ్యాంకాయనది, చివర హోల్ట్ గారిది. అందులో ఒక్క నల్లవాడి పేరూ లేదు. మంగలి నల్లవాడైతే పరవాలేదు గానీ, నల్లవాడు గడ్డం చేయించుకున్న కుర్చీలో తెల్లవాడు కూర్చోడు. ఊరూరా అంతే. తన వాళ్ళకి అబ్సలమ్ ఆదివారాలు ఇంట్లో వంటగది స్టూలు మీద చేసేవాడు.

బానిస పిల్లవాడిగా మేరీలాండ్ పొగాకు తోటలో యజమాని గడ్డం గీస్తూ నేర్చుకున్న పని ఇది. చెయ్యి వణికితే వీపు చిట్లేది. అక్కణ్ణించి పారిపోయి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి గడ్డాలు గీసి ఈ కుర్చీ కొనుక్కున్నాడు. పెళ్ళి, పిల్లలు, ఇంటి పైకప్పు, అన్నీ దీని మీద వచ్చినవే.

ఎడమ చెంప పూర్తయింది. కత్తి తుడుచుకుని కుడివైపుకు రాబోతుంటే హోల్ట్ గారు కళ్ళు తెరిచారు.

"ఏమయ్యా అబ్సలమ్, మొన్న చట్టసభలో ఒకడు నన్నేమన్నాడో తెలుసా?"

"మిమ్మల్ని అననివాళ్ళెవరు దొరా?"

"దొరా అన్నావంటే లేచిపోతా!" అన్నారాయన. రోజూ అనే మాటే. "నల్లవాళ్ళకి ఓటు ఇచ్చి తీరాలి, మనతో సమానంగా చూడాలి అని నేను గొంతు చించుకుంటుంటే, వాడు లేచి, 'మీ ఊళ్ళో మీ నల్ల మంగలే తన వాళ్ళని కుర్చీ ఎక్కనివ్వడటగా! మమ్మల్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోమంటారేం?' అన్నాడు. సభంతా పగలబడి నవ్వింది. ముప్ఫయ్యేళ్ళుగా వాగుతున్న నోరు, టక్కున మూతపడిపోయిందనుకో."

బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న ష్రైనర్ పేపరు చాటున కిసుక్కుమన్నాడు.

హోల్ట్ గారు గుమ్మం వైపు చూశారు. అక్కడ ఆయన బండి తోలే టోబయాస్ నిలబడి ఉన్నాడు. అబ్సలమ్‌కి బావమరిది. బానిసల విడుదల కోసం జరిగిన యుద్ధంలో కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. తన గడ్డం తను గీసుకోలేడు. మళ్ళీ ఆదివారం వచ్చేదాకా గరుగ్గా పెరగాల్సిందే.

"ఇన్నాళ్ళూ నేనిక్కడ కూర్చుని, అతన్ని అక్కడ నిలబెట్టాను. తట్టనే లేదు నాకు! ఇక ఈ కుర్చీలో ముందు టోబయాస్, నా మిగతా సగం అతని తర్వాతే."

అబ్సలమ్‌కి ఒళ్ళు మండింది. ఆయన చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "మీకేమండీ! ఈసారి ఓడితే మళ్ళీ గెలుస్తారు. నా కుర్చీ ఖాళీ అయితే నా పిల్లలు గాలి భోంచేయాలా?"

ముసలాయన మెడకున్న గుడ్డతో కుడి చెంప మీది నురుగు తుడిచేసుకున్నారు. "నిజమే. కుర్చీ నీది, నిన్ను బలవంతపెట్టే హక్కు నాకు లేదు. గడ్డం మాత్రం నాది కదా! నా వంతు వచ్చేదాకా ఆగుతాను" అని, ఒక చెంప నున్నగా, ఇంకో చెంప తెల్లటి ముళ్ళతో, కర్ర పట్టుకుని, టోబయాస్ భుజం ఆసరాగా వీధిలోకి నడిచారు.

వీధి వీధంతా నవ్వింది. సగం గీసిన మొహంతో మనిషిని బయటికి పంపిన మంగలి ఎక్కడైనా ఉంటాడా? అబ్సలమ్‌కి తల కొట్టేసినట్టయింది.

"ముసలాయనకి మతిపోయింది. నీకు పోలేదు కదా?" అన్నాడు ష్రైనర్ కుర్చీలో కూర్చుంటూ.

"లేదండీ" అన్నాడు అబ్సలమ్. ఆ మాట నోట్లో చేదుగా మిగిలిపోయింది. మధ్యాహ్నం భార్య కెజియా తెచ్చిన మొక్కజొన్న రొట్టె కూడా సయించలేదు.

జరిగిందంతా విని ఆమె గిన్నెలు సర్దుకుంది. "మా తమ్ముడి చెయ్యి పోయింది ఎవరి కోసమో నీకూ తెలుసు. పిల్లల సంగతంటావా, నాలుగిళ్ళ బట్టలుతికైనా సాకుతాను. ఆపైన నీ ఇష్టం" అని వెళ్ళిపోయింది.

పొద్దు వాలకముందే టోబయాస్ వచ్చాడు. ఎప్పట్లాగే గుమ్మం అవతలే ఆగాడు.

"పోయారు బావా. భోంచేసి పడుకున్నారు, మళ్ళీ లేవలేదు. రేపు ఊరంతా చూడ్డానికొస్తుందట, నిన్ను రమ్మంటున్నారు. ఆ సగం అలాగే ఉంది కదా."

అబ్సలమ్ అరలోంచి హోల్ట్ గారి కప్పు తీశాడు, కత్తి సంచిలో పెట్టుకున్నాడు, గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు.

"లోపలికి రారా టోబీ. కూర్చో."

"ఇప్పుడా? అక్కడ ఆయన..."

"ఆయన వంతు నీ తర్వాతేరా."

కిటికీ తెర పూర్తిగా పక్కకి లాగి, ఉతికిన తెల్లగుడ్డ బావమరిది మెడకి కట్టాడు. హోల్ట్ గారి కప్పులోనే నురుగు తిప్పాడు. టోబయాస్ ఉన్న చేత్తో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ష్రైనర్ లోపలికొచ్చాడు, మాట్లాడకుండా అరలోంచి తన కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు. అబ్సలమ్ చెయ్యి వణకలేదు.

హోల్ట్ గారింట్లో మంచం పక్కన కూర్చుని అదే కప్పులోని నురుగు ఆయన కుడి చెంపకి రాశాడు.

"మీ వంతొచ్చింది దొరా" అన్నాడు అలవాటుగా.

ఈసారి ఆయన లేచిపోలేదు. అప్పుడు ఏడుపొచ్చింది అబ్సలమ్‌కి. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, వేలితో చెంపను పైకి లాగి, ఎముక దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

తిరిగొచ్చేసరికి జడ్జిగారి కప్పూ, బ్యాంకాయన కప్పూ కూడా లేవు. అబ్సలమ్ చేతిలోని కప్పుని దాని చోట పెట్టాడు. ఖాళీ అరలో ఆ చివర, అంచున ఇంకా ఆరని నురుగుతో, హోల్ట్ గారి కప్పు ఒక్కటే ఉంది.