గుండయ మూయని తలుపు

నేను ఒక మట్టికోటను. రాయి అన్నది నా ఒంట్లో లేదు. గోదావరి ఒడ్డున, అడవి అంచున, మాచనాయకుడనే చిన్న దొర నన్ను ఒక్క ఎండాకాలంలో కట్టించాడు. రాతికోటకు ఏళ్లు పడతాయి. ధాన్యం దోచే దండు అన్నాళ్లు ఆగదు కదా!

చుట్టూ లోతుగా కందకం తవ్వారు. ఆ మట్టినే ఒక పక్కన పోసి, తడిపి, దిమ్మిసలతో కొట్టి తాటిచెట్టంత దిబ్బ లేపారు. దిబ్బ మీద కొయ్య బురుజు, అందులో దొర కుటుంబం. కింద ఆవరణలో గాదెలు, పశువులు, కొలిమి. దాని చుట్టూ చండ్ర దుంగల గోడ. కందకం మీద పలకల వంతెన, దాని చివర ఒకే ఒక తలుపు. ఆపద వస్తే ఊరంతా ఆవరణలో చేరాలి, అదీ నిలవకపోతే దిబ్బ ఎక్కాలి. మామూలు రోజుల్లో ఆ బురుజును చూసి ఊరు దొరకు భయపడాలి. నా పని ఈ రెండూను. దొర మొదటిదే చాటింపు వేయించాడు.

నన్ను లేపిన మట్టిపనివాళ్ల గుడిసెలు మాత్రం కందకానికి అవతలే ఉండిపోయాయి. పోచి అనే ఆడమనిషి వాళ్లకు పెద్ద.

కోతలైన వారానికి, మిట్టమధ్యాహ్నం, దండు వచ్చింది. ఊరివాళ్లు లోపలికి చేరిపోయారు. గుడిసెలవాళ్లు ఇంకా పరుగెత్తుతూనే ఉన్నారు. అందరికన్నా వెనక పోచి, వీపున ముసలి అత్త. వాళ్ల వెనకే గుర్రాల దుమ్ము.

"తలుపు ముయ్యి గుండయా!" బురుజు మీంచి దొర కేక వేశాడు.

కావలి గుండయ గడియ పట్టుకుని, "మనోళ్లు బయటున్నరు దొరా" అన్నాడు.

"ముయ్యమంటుంటే! నీ తల తీయిస్త!"

"తీయిద్దురు గానీ, వాళ్లను రానియ్యున్రి."

పోచి లోపల అడుగు పెట్టాకే తలుపు పడింది. మరుక్షణం ఒక ఈటె వచ్చి పలకలో దిగింది.

తర్వాత నిప్పుబాణాలు. దుంగలు అంటుకున్నాయి. భటులు కుండలతో నీళ్లు చల్లుతుంటే పోచి అరిచింది: "నీళ్లు నిలవయి! బురద పుయ్యున్రి!" ఆవరణ నేలనే తవ్వి, తొక్కి, మట్టిపనివాళ్లు గోడంతా మెత్తారు. మంట ఊపిరాడక చచ్చింది. పొద్దు వాలేసరికి దండు వెనుదిరిగింది.

మర్నాడు దొర దిబ్బ దిగి వచ్చాడు. గుండయ తల వంచుకుని నిలబడ్డాడు. దొర అతని వైపు చూడకుండా పోచితో, "మీ గుడిసెలు లోపల ఏస్కోన్రి" అని వెళ్లిపోయాడు. దొరలు తప్పు ఒప్పుకునే తీరు అదేనని ఆ రోజు తెలుసుకున్నాను.

ఆ తర్వాతి ఏళ్లే నా మంచి రోజులు. సాయంత్రం ఆవరణ నిండా వంటపొగ, పోచి అత్త తిట్లు, తలుపు వారన గుండయ గురక.

దొర మనవడు కొండ మీద రాతికోట కట్టుకున్నాడు. నా దుంగలు బండ్లెక్కి పోయాయి, మనుషులు వాటి వెంట పోయారు. వానలు నన్ను సగానికి దించాయి. ఇప్పుడు నా మీద సీతాఫలం పొదలు. మేకలు కాసేవాళ్లు గాలి కోసం పైకెక్కుతారు. ఎక్కిన ప్రతివాడూ కూర్చునే ముందు, ఎందుకో తనకే తెలియకుండా, నాలుగు దిక్కులూ ఒకసారి చూస్తాడు.

ఎవరూ రావడం లేదు, కూర్చో నాయనా అని చెప్పాలనిపిస్తుంది.