లెక్కకు రాని మ్యాచ్

"ఈసారి పులిహోర కాస్త ఎక్కువ కలుపు వాసంతీ. పోయినేడు రిఫరీలకు చాల్లా," అన్నాడు గోపీచంద్, హాల్లో సోఫా మీద కూర్చుని షూ విప్పుకుంటూ.

వంటింటి గడప దగ్గర పీట వేసుకుని వాసంతి చింతపండులో పిక్కలూ ఈనెలూ ఏరుతోంది. కాళ్లకు సాక్సులు ఇంకా తియ్యలేదు. ఇద్దరూ ఒకేసారి ఇల్లు చేరారు. అతను ఇంజినీరింగ్ కాలేజీ నుంచి బండి మీద వచ్చాడు, ఆమె సత్తెనపల్లి నుంచి బస్సులో నిలబడి వచ్చింది. అతను సోఫాలోకి, ఆమె వంటింట్లోకి. ఈ మలుపు ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్పారో ఆమెకు గుర్తు లేదు. కాళ్లే తీసుకుపోతాయి.

ఇద్దరిదీ ఒకే ఉద్యోగం. ఇద్దరూ పీడీలే, కాలేజీల్లో ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్లు. ఇద్దరి మెడలోనూ విజిల్ ఉంటుంది, ఇద్దరూ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్లను తయారు చేస్తారు. కానీ నరసరావుపేటలో వాళ్ల వీధిలో అతను 'పీడీ గారు', ఆమె 'పీడీ గారి భార్య'. సత్తెనపల్లి ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చిన రోజున స్వీట్లు పంచితే, ఎదురింటి పిన్నిగారు లడ్డూ చేతిలో పట్టుకుని, "మంచిది తల్లీ, ఆయనకు తోడుగా ఉంటావు," అంది. ఆయన ఉండేది ఇక్కడ, ఈమె పని చేసేది అక్కడ. ఎట్టా తోడుంటుందో అడగాలనిపించింది. నోటిదాకా వచ్చిన మాటను మింగడం అప్పటికే బాగా అలవాటైపోయింది.

ఫోన్ మోగింది. రఫీక్. జిల్లా పేజీకి వార్తలు రాసే కుర్రాడు.

"మేడమ్, మన పల్నాడు కాలేజీల మ్యాచ్‌ల గురించి ఏటా రాసిస్తారు గదా, సీజన్‌కు ముందు చూడాల్సినయ్యి. ఇయ్యాల పంపిస్తే రేపు పడిద్ది. ఎల్లుండే గదా మీదీ సార్‌దీ మ్యాచ్."

"పంపిస్తా రఫీకూ."

"పేరు ఎప్పట్లాగే 'పీడీ దంపతుల విశ్లేషణ' అని ఎయ్యమంటారా? సార్ ఫోటో నా దగ్గరుంది."

వాసంతి చేతిలోని చింతపండు ముద్దను గిన్నెలో వేసింది. నాలుగేళ్లుగా ఆ వ్యాసం రాస్తున్నది తనే. ఒక్క ముక్క గోపీచంద్ రాయలేదు. అయినా ఏటా ఇద్దరి పేర్లూ, ఒక్క అతని ఫోటో. అడిగితే, "ఫోటో కోసం కొట్లాడతావా ఏంది, ఎవురన్నా వింటే నవ్వుతారు," అన్నాడు ఒకసారి. ఎవరూ నవ్వకూడదని ఆ తర్వాత ఆమె అడగలేదు.

"నా పేరు ఒక్కటే వెయ్యి," అంది.

"అట్టాగే మేడమ్," అన్నాడు రఫీక్.

యూనివర్సిటీ టోర్నమెంట్ డిసెంబరులో. పాయింట్లు, కప్పు, బ్యానర్లు అన్నీ అప్పుడే. అంతకుముందు, దసరా సెలవులు అయ్యాక, వేరే యూనివర్సిటీల కిందున్న కాలేజీలతో కొన్ని మ్యాచ్‌లు ఆడతారు. వాటికి లెక్క లేదు, పాయింట్లు లేవు. గోపీచంద్ పనిచేసే ఇంజినీరింగ్ కాలేజీ వేరే యూనివర్సిటీది కాబట్టి, మొగుడి జట్టుకీ పెళ్లాం జట్టుకీ ఏటా జరిగే మ్యాచ్ కూడా ఆ లెక్కలేని వాటిలోదే. అయితే యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసే గోపాలకృష్ణయ్య గారు వచ్చి కూర్చునేది మాత్రం ఈ మ్యాచ్‌లకే. పాయింట్లున్న చోట పిల్లలు భయపడి ఆడతారనీ, లెక్కలేని చోటే అసలు ఆట బయటపడుతుందనీ ఆయన నమ్మకం.

మొబైల్ ముందు పెట్టుకుని వాసంతి రాయడం మొదలుపెట్టింది. చింతపండు జిగురు అంటుతుందని చెయ్యి కొంగుకు తుడుచుకుంది. రాసేటప్పుడు మాత్రం ఆమె మనిషే వేరు.

'మొదట చూడాల్సింది మాచర్ల పిల్లలు కృష్ణ దాటి వెళ్లి మిర్యాలగూడలో ఆడే మ్యాచ్. మాచర్ల వాళ్లు మట్టి కోర్టులో ఆట నేర్చుకున్నారు. మట్టి మీద బంతి పెద్దగా లేవదు. అందుకే వాళ్లు వంగి, బంతిని మోకాలి కిందే ఉంచుకుని పరిగెడతారు, ఎవరూ లాక్కోలేరు. అక్కడ సిమెంటు కోర్టు. బంతి నడుము దాకా ఎగిరితే ఈ చేతులు ఎంత త్వరగా అలవాటు పడతాయో చూడాలి. రెండోది గురజాలకు బాపట్ల వ్యవసాయ కాలేజీ రావడం. బాపట్ల వాళ్లకు ఎత్తు ఉంది, గురజాల వాళ్లకు ఊపిరి ఉంది. చివరి క్వార్టర్ దాకా స్కోరు దగ్గరగా నడిస్తే గురజాలనే నమ్మొచ్చు.'

మూడోదాని దగ్గర వేలు ఆగింది.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, గోపీచంద్ చెడ్డవాడు కాదు. చెయ్యి ఎత్తడు, తాగడు, ఆమె జీతం అడగడు. యూనివర్సిటీ కోర్టులో ఆమె ఆట చూసి ఇష్టపడి, ఇంట్లో వాళ్లను ఒప్పించి చేసుకున్నాడు. "ఆటగత్తె అయితే అయింది, వంట వచ్చా?" అని అప్పుడు అతని తల్లి నాగేంద్రమ్మ అడిగితే, "వచ్చులే అమ్మా," అని చెప్పింది కూడా అతనే. నిజానికి రాదు. అతని మాట పోకూడదని నేర్చుకుంది. పులిహోర అయితే ఎంత బాగా నేర్చుకుందంటే, ఆ తర్వాత ఆ ఇంట్లో ఇంకెవరూ నేర్చుకోవాల్సిన అవసరం రాలేదు.

మ్యాచ్ ఎవరి కాలేజీలో జరిగితే వాళ్లే వచ్చిన జట్టుకు భోజనం పెట్టాలి. ఇది ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. సత్తెనపల్లిలో జరిగితే వాసంతి వండుతుంది, ఎందుకంటే ఆతిథ్యం ఆమె కాలేజీది. నరసరావుపేటలో జరిగినా వాసంతే వండుతుంది, ఎందుకంటే ఆతిథ్యం ఆమె మొగుడి కాలేజీది. కోర్టు ఎక్కడైనా గంటె ఆమె చేతిలోనే. "మీరూ మీరూ ఒకటే గదమ్మా, ఏదో చూసుకోండి," అంటాడు ఆమె ప్రిన్సిపాల్. "పులిహోర కలిపే చెయ్యి అందరికీ రాదు అమ్మాయ్," అంటుంది నాగేంద్రమ్మ. పొగడ్తే. తిట్టయితే ఎదురు చెప్పొచ్చు, పొగడ్తకు ఏం చెప్తాం?

పోయిన ఏడాది మ్యాచ్‌కు ముందు రోజు గోపీచంద్ అన్నాడు, "మా మెస్‌లో ఆ వంటాయన చేసేది నోట్లో పెట్టుకోలేం. కరస్పాండెంట్ గారు నీ చేతి పులిహోరే అడిగాడు. పిల్లల్ని లైబ్రరీ మేడమ్‌తో బస్సెక్కించు. ఫ్రెండ్లీ మ్యాచేగా, కాసేపు నువ్వు లేకపోతే ఏంది?"

ఆమె మెస్ వంటింట్లో ఉంది. కాలేజీ యజమాని అయిన ఆ కరస్పాండెంట్ తాలూకు మనుషులు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. మధ్యలో గ్యాస్ అయిపోయింది. మళ్లీ బియ్యం పోసి, మళ్లీ పోపు పెట్టింది. గోడ అవతల కోర్టులో విజిల్ వినపడినప్పుడల్లా చెయ్యి ఆగేది. అది ఎవరి మీద ఫౌలో ఆమెకు తెలిసేది కాదు.

ఆ ఫౌళ్లు లక్ష్మీతిరుపతమ్మవి. దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీలో పనిచేసే సుబ్బన్న కూతురు. బంతి చేతికొస్తే ఎవరు ఎక్కడున్నారో కళ్లు ఎత్తకుండానే తెలిసిపోయే పిల్ల. దుడుకు ఎక్కువ. మూడో ఫౌల్ పడగానే ఆ పిల్లను కాసేపు కూర్చోబెట్టాలి, చల్లబడ్డాక మళ్లీ దించాలి. ఇది ఏ కోచ్‌కైనా తెలుసు. లైబ్రరీ మేడమ్‌కు తెలియదు, ఆమె తప్పూ కాదు. నాలుగోది పడింది, ఐదోది పడింది. ఐదు పడితే ఇక ఆ మ్యాచ్‌కు బయటే. మూడో క్వార్టర్ ముగిసే వేళకు వాసంతి చేతులకు పసుపుతో పరిగెత్తుకుంటూ వచ్చేసరికి, ఆ పిల్ల బెంచీ చివర తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది. గోపాలకృష్ణయ్య గారు తిరుపతమ్మ పేరు రాసుకోలేదు. అవతలి బెంచీ దగ్గర నిలబడి గోపీచంద్ తన పిల్లలకు చప్పట్లు కొడుతున్నాడు.

భోజనాల దగ్గర వాసంతి ఆ పిల్ల విస్తరాకులో తనే వడ్డించింది. ఏదో ఒకటి అంటుందని చూసింది. ఎక్కడికి పోయారు మేడమ్ అంటుందని, ఏడుస్తుందని, కనీసం మొహం తిప్పుకుంటుందని. తిరుపతమ్మ రెండు ముద్దలు తిని, తల దించుకునే, "పులిహోర బాగుంది మేడమ్," అంది.

ఆ మాట ఏడాదిగా వాసంతి గొంతులో ఉంది. పొద్దున బస్సులో ఉంటుంది, మధ్యాహ్నం క్లాసులో ఉంటుంది. ఆ పిల్లకు ఇది డిగ్రీలో ఆఖరు ఏడు. యూనివర్సిటీ జట్టులో ఆడితే ఆటల కోటాలో, పీడీ కావడానికి చదివే బీపీఎడ్‌లో సీటు వస్తుంది. రాకపోతే డిగ్రీ అయ్యాక ఇంటికే. మొన్న ప్రాక్టీసు అయ్యాక షూ లేసులు విప్పుకుంటూ, "నేను కూడా మీలాగా పీడీ అవుతా మేడమ్," అంది. ఎప్పుడైనా సంతోషపడాల్సిన మాటే. మీలాగా అంటే ఎట్లాగో వాసంతి కళ్ల ముందు కనపడింది. సిగ్గేసింది.

"అయిందా? చదువు, విందాం," అన్నాడు గోపీచంద్ హాల్లోంచి.

మూడో మ్యాచ్ ముందు దాకా చదివింది.

"బాగుంది. మా కాలేజీ గురించి నాలుగు ముక్కలు ఎక్కువ రాయి, కరస్పాండెంట్ గారు చూస్తాడు. పోయినేడు మీవాళ్లు అనుభవం లేక ఓడారని రాయి. మర్యాదగా ఉంటది."

'అనుభవం లేక' అని వాసంతి టైపు చేసింది. చాలాసేపు ఆ రెండు మాటలనూ చూస్తూ కూర్చుంది. ఎవరికి లేదు అనుభవం? ఎండలో, సెలవుల్లో, పస్తులతో ఆడిన ఆ పిల్లలకా? ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. రచ్చలో గెలుపోటములు తర్వాత, ముందు ఇల్లు కదలనివ్వాలిగా. ఇల్లు కదలనివ్వకుండా ఎవరూ గొలుసు వెయ్యలేదన్నది కూడా నిజమే. వద్దు అని తను ఒక్కసారీ అనలేదు. అంటే ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు.

రెండు మాటలూ చెరిపేసింది. రాయాల్సింది రాసి, రఫీక్‌కు పంపించి, లేచి అన్నం పెట్టింది.

పొద్దున పేపరు వచ్చింది. నాగేంద్రమ్మకు కళ్లు సరిగ్గా ఆనవు, రోజూ కొడుకే చదివి వినిపిస్తాడు. వరండాలో కుర్చీ వేసుకుని, కాఫీ పక్కన పెట్టుకుని, "మన వాసంతి రాసిందమ్మా," అని గొప్పగా మొదలుపెట్టాడు. పైన తన ఫోటో లేకపోవడం చూసి, పేపరు తిప్పి మళ్లీ చూసి, చదువుతూ పోయాడు. మాచర్ల అయింది, గురజాల అయింది.

"'మూడోది, అన్నిటికంటే ఆసక్తిగా చూడాల్సింది, రేపు నరసరావుపేటలో,'" అని గొంతు పెంచాడు. "'ఇంజినీరింగ్ కాలేజీ జట్టు బలమైనది. బాగా తయారైంది. పోయిన ఏడాది సత్తెనపల్లి జట్టు అనుభవం లేక ఓడిందని అందరూ అనుకున్నారు. అది నిజం కాదు. మూడు క్వార్టర్ల పాటు...'"

గొంతు తగ్గింది.

"ఆగావేందిరా, చదువు," అంది నాగేంద్రమ్మ.

"'మూడు క్వార్టర్ల పాటు ఆ జట్టు బెంచీ మీద కోచ్ లేదు. అవతలి కాలేజీ వంటింట్లో రెండు జట్లకూ పులిహోర కలుపుతోంది. ఈసారి కోచ్ బెంచీ మీద ఉంటుంది.'"

వాసంతి మెట్టు మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటోంది. పక్కన రెండు బ్యాగులున్నాయి, ఒకటి బంతులది, ఒకటి బట్టలది.

"ఇదేంది వాసంతీ," అన్నాడు గోపీచంద్. గొంతులో కోపం కంటే బిత్తరపాటే ఎక్కువ. "ఇంట్లో మాట పేపర్లో రాస్తారా?"

"ఇంట్లో మాట కాదండీ. మ్యాచ్ మాట. దానివల్లే ఓడాం."

"నాతో చెప్పొచ్చుగా."

"ఇప్పుడు చెప్తున్నా. ఈ రాత్రి మా కాలేజీ హాస్టల్లో పిల్లల దగ్గర పడుకుంటా. రేపు వాళ్ల బస్సులోనే వస్తా. చింతపండు ఏరి డబ్బాలో పెట్టా. ఆతిథ్యం మీ కాలేజీది గనక మిగతాది మీరు చూసుకోండి."

ఆమె రెండో షూ లేసు కూడా బిగించింది. లేచి బ్యాగులు భుజాన వేసుకుంది. గేటు దగ్గర ఒకసారి ఆగింది, అలవాటు కొద్దీ, వెనక నుంచి ఎవరో పిలుస్తారని.

నాగేంద్రమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"మరి రేపు పులిహోర ఎవరు కలుపుతారు?" అంది.

ఆ ఇంట్లో ఏ పని గురించి ఏది అడిగినా వంటింటి వైపు తిరిగి అడగడం ఆమెకు అలవాటు. ఈసారి ఆమె కొడుకు వైపు తిరిగి అడిగింది.