సమీరా పట్టిన తప్పు

ఈ ఘాటు కిటికీలు మూసినా ఆగదు, మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే ల్యాబ్ మొత్తం తుమ్మాల్సిందే, అనుకుంటూ మాధురి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, కళ్ళు మాత్రం తెర మీదే, సాయంత్రం తయారీకి పంపాల్సిన చిప్‌లో తప్పుందట, తన దగ్గర ఎంటెక్ చేస్తున్న సమీరా అంటోంది, మేడమ్, ఒక్కసారి ఇది చూస్తారా అండీ అని ఎంత మెల్లగా అడిగిందో, చూడటానికేముంది, ఆ ప్రాసెసర్ డిజైన్ చేసింది తను, కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి బస్తాలకి చల్లదనం చూసుకునే చిప్, ఎన్ని ఆదివారాలు మింగిందో, ఎన్ని పరీక్షలు పెట్టినా ఒక్కటైనా తప్పిందా.

మనకి తోచినవే కదండీ పరీక్షల్లో పెడతాం, తోచనివాటి సంగతేంటండీ, అంది సమీరా, క్లాసులో అందరూ తలూపుతుంటే లేచి నిలబడి నాకర్థం కాలేదండీ అన్న పిల్లే కదా ఇది, ఒక్కో ఆదేశం నడవకముందు చిప్ లోపల ఏముండాలో, నడిచాక ఏముండాలో లెక్కల భాషలో రాసుకుంటూ కూర్చుంది, చిప్ చెయ్యమంటే సిద్ధాంతాలు రాస్తున్నావేంటి అని పక్క సీటు నాగూర్ వలి ఏడిపిస్తే నవ్వేది, మళ్ళీ రాసేది, ఆ రాతనే కంప్యూటర్‌లో నడిపిస్తే ఇంకా పుట్టని చిప్ కళ్ళముందు పనిచేసింది, ఇవాళ దాన్నీ మాధురి డిజైన్‌నీ పక్కపక్కన పెట్టి ఎక్కడైనా తేడా వస్తుందా అని వెతికించింది, వచ్చింది.

ఎందుకొస్తుంది, రాదు, మాధురి పెన్సిల్ తీసి ఆ తేడా వచ్చిన చోట చిప్ వేసే ఒక్కో అడుగే కాగితం మీద వేసుకుంటూ వెళ్ళింది, మెమరీ నుంచి గది ఉష్ణోగ్రత కొత్త అంకె ఇంకా చేరలేదు, సరిగ్గా అప్పుడే అలారం పిలిచింది, చిప్ అటు వెళ్ళి తిరిగొచ్చి పాత అంకెతోనే లెక్క సాగించింది, అంటే గది వేడెక్కుతున్నా చల్లగానే ఉందనుకుంటుంది, లోపల బస్తాల్లో మిర్చి రంగు మారిపోతుంది, అయ్యో, నిజమే, ఇలా జరగొచ్చని తనకి కలలో కూడా తట్టలేదు, ఈ పిల్ల రాత ఎంత నిక్కచ్చిగా ఉంది, ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క సందు వదల్లేదు, ఎంత అందంగా రాసిందో.

సమీరా బిక్కుబిక్కుమంటూ చూస్తోంది, తిడతాననుకుంటోంది కాబోలు పిచ్చిపిల్ల, మాధురి ఫోన్ అందుకుని చిప్ తయారుచేసే కంపెనీకి చేసింది, ఉదయ్ కుమార్ గారూ, డిజైన్ ఇవాళ పంపట్లేదండీ, తప్పుంది, అదేంటండీ, అన్ని పరీక్షలూ అయ్యాయన్నారుగా, ఎవరు పట్టుకున్నారండీ అని ఆయన, మా సమీరా అండీ, అంది మాధురి, అన్నాక తన గొంతు తనకే వినబడింది, సొంతంగా చేసిన ఆ చిప్ గురించి కూడా ఎన్నడూ ఇంత గర్వంగా చెప్పుకోలేదని అప్పుడు తెలిసింది.