శ్రీపతి సేటు కారు, రూఫస్ టెస్టు లైటు

కారు, రణం. రెండూ కలిస్తే కారణం. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆటో ఎలక్ట్రీషియన్ రూఫస్‌కూ, అతని దుకాణమున్న మల్గి యజమాని శ్రీపతి సేటుకూ మధ్య నెల రోజులుగా కారుంది, రణముంది. కారణం ఒక్కటే దొరకలేదు.

కారు సేటుది. పన్నెండేళ్ల తెల్ల పెట్రోలు బండి. నడుస్తూ నడుస్తూ, ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిచినట్టు ఆగిపోయేది. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారే ఆరేవి. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. రోజూ ఆగదు. ఆగిన రోజు మాత్రం వెనకాల సిటీ బస్సు ఉండగానే ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ సేటు నేరుగా రూఫస్ మల్గి ముందుకొచ్చి, సందంతా వినేలా కారుకూతలు కూసేవాడు. ఆగే కారుకు ఆగని నోరు జత.

సందులో ఏడు మల్గీలూ సేటువే. రూఫస్‌ది మూడోది. మెదక్ నుంచి వచ్చిన వాళ్ల నాయన అందులో డైనమోలు చుట్టాడు. ఇరవై రెండేళ్లుగా రూఫస్ అందులోనే తెగిన వైర్లు వెతుకుతున్నాడు. ఏడూ ఖాళీ చేయించి ఒకే పెద్ద షోరూముకు కిరాయికివ్వాలని సేటు ఆశ. ఆరుగురు తల నిలువుగా ఊపారు, రూఫస్ అడ్డంగా ఊపాడు. అప్పట్నుంచి సేటు కంట్లో అతను నలుసు కాదు, ఏకంగా స్పీడు బ్రేకరు.

దసరాకు కారు వెనక కెమెరా బిగించింది రూఫసే. అంచేత వైరింగు చెడగొట్టింది కూడా రూఫసేనని సేటు తీర్పు. పెద్ద పెద్ద వర్క్‌షాపుల వాళ్లే చేతులెత్తేశారన్న ధీమాతో, ఆరుగురు కిరాయిదారులు చాయ్ తాగుతుండగా అందరి ముందూ పందెం కట్టాడు.

"శుక్రవారం దాకా టైమిస్తున్న. ఫాల్టు పట్టినవా, మల్గి నీదే, మల్ల నోరెత్త. పట్టలేదా, నాంపల్లిల వకీలు తయారుగున్నడు, నోటీసు వస్తది."

రూఫస్ సరేనన్నాడు. అనక చస్తాడా, నాయన కూర్చున్న స్టూలు అందులోనే ఉంది.

బ్యాటరీ టెర్మినళ్లు గీకాడు. ఎర్తు వైరు విప్పి, తుప్పు తీసి బిగించాడు. రిలేలు మార్చాడు. వైర్లు కలిపే కప్లర్లన్నీ ఊడదీసి, ఊది, మళ్లీ నొక్కాడు. స్కానరు పెడితే, బండికి ఏ రోగమూ లేదని అది గవర్నమెంటు డాక్టరులా సర్టిఫికెట్టిచ్చింది. ఏడుసార్లు తనే నడిపాడు, అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను, అక్కణ్ణుంచి లక్డీకాపూల్, మళ్లీ వెనక్కి. ఒక్కసారీ ఆగలేదు. సేటు ఎక్కితే సాయంత్రంలోగా ఆగేది. నీ చేతిలో ఆగదు, నా చేతిలో ఆగుతది, అంటే చేసేదంతా నువ్వేనని సేటు అనేవాడు. రూఫస్‌కు బండి మీదే అనుమానం పట్టుకుంది, ఇది కూడా కిరాయిదారులంటే గిట్టని జాతేమోనని.

బండి ఇచ్చేటప్పుడు సేటు చేసే ఒక తంతు ఉంది. ఆయన దగ్గర తాళంచెవుల గుత్తి ఒకటుంది. ఇనప్పెట్టెవి, గోదాముది, డాబా తలుపుది, మీటరు గదులవి, చచ్చిపోయిన నాయన బీరువాది, అన్నీ ఇనుమే. గుత్తినిండా చెవులే గాని ఒక్కటీ ఎవరి మాటా వినదు. గుత్తి ఎవరి చేతిలో ఉంటే వాడిదే గుత్తాధిపత్యమని నాయన పోతూ పోతూ చెప్పాడట. కారు చెవినీ దానికే తగిలించుకున్నాడు. రూఫస్‌కు కారు అప్పగించేటప్పుడు మాత్రం మల్గి ముందు బెంచీ మీద కూర్చుని, గోరు విరిగినా సరే, రింగులోంచి ఆ ఒక్క చెవినీ ఊడదీసి, బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో అందించేవాడు. గుత్తి నడుముకు చెక్కుకునేవాడు. ఇంత అపనమ్మకం ఉన్నవాడు మొన్న క్రిస్మస్‌కు రూఫస్ మెదక్ పోతుంటే, లోపల బ్యాటరీలున్నాయి, షార్ట్ సర్క్యూట్ అయితే ఎట్లా అని మల్గి తాళంచెవి అడిగి తీసుకున్నాడు. తిరిగొచ్చాక ఇచ్చేశాడు, అది వేరే సంగతి.

గురువారం అన్నం పళ్లెం ముందు రూఫస్ గోడ చూస్తూ కూర్చున్నాడు. భార్య జ్ఞానమణి మిషన్ బడిలో టీచరు. సంగతంతా విని మజ్జిగ పోస్తూ ఒక్క మాట అంది.

"నా క్లాసుల ఒక పిల్లకు సోమవారమే కడుపునొప్పి. పిల్లను ఎంత చూసినా ఏం దొరకలె. సోమవారాన్ని చూస్తే దొరికింది, ఆ రోజు లెక్కల పరీక్ష. నువ్వు బండిని చూస్తున్నవ్. సేటును చూడు."

శుక్రవారం పొద్దున సేటు వకీలు దగ్గరికి బయల్దేరుతుంటే రూఫస్ రెండు టెస్టు లైట్లు తీసుకుని పక్క సీట్లో ఎక్కాడు. ఒక బల్బు వైరు నేరుగా బ్యాటరీకి కలిపాడు. రెండోది తాళం తిప్పే స్విచ్చు దాటాక ఇంజనుకు కరెంటు పోయే తీగకు కలిపాడు. బండి ఆగినప్పుడు రెండూ ఆరితే తప్పు బ్యాటరీ దగ్గర, రెండోది ఒక్కటే ఆరితే ఆ మధ్యలో. ఇంజను దగ్గరైతే రెండూ వెలుగుతూనే ఉంటాయి.

సేటు ఎగాదిగా చూశాడు. "నీ నోటీసు రాయిస్తుంటే నువ్వే వస్తున్నవా? మంచిది. పోస్టుల వెయ్యబన్లేదు, ఆడనే చేతికిస్త."

"ఇయ్యుండ్రి. చదువుకుంటా వస్త," అన్నాడు రూఫస్.

కారులో గాలి చల్లగా లేదు, వేడిగా లేదు, వాడిగా ఉంది. నాంపల్లి స్టేషను ముందు స్పీడు బ్రేకరు ఎక్కి దిగేసరికి బండి చచ్చింది. వకీలు సందు ఎదురుగా కనిపిస్తోంది.

మొదటి బల్బు వెలుగుతోంది. రెండోది ఆరింది.

వెనకాల ఆటోలు హారన్లతో భజన మొదలెట్టాయి. రూఫస్ చూపు బల్బుల మీద ఆగలేదు. సేటు మోకాలి పక్కన చూశాడు. స్విచ్చుకు వేలాడుతున్న గుత్తి గుడిగంటలా ఇంకా ఊగుతోంది. అరచెయ్యి దాని కింద పెట్టి పైకెత్తాడు. రెండో బల్బు వెలిగింది. వదిలాడు. ఆరింది. ఎత్తాడు, వెలిగింది.

"గుత్తిని ముట్టకు," అన్నాడు సేటు, కానీ గొంతులో మునుపటి ఇనుము లేదు.

"ఏండ్ల సంది దీని బరువుకు స్విచ్చు లోపల రాగి అరిగిపోయింది సేటూ. జర కుదుపొస్తే గుత్తి చాబీని గుంజుతది, లోపల కరెంటు తెగుతది. నాకు ఏడుసార్లు బండిచ్చిన్రు, ఒక్కసారి గూడ గుత్తి ఇయ్యలె. గందుకే నాకు ఆగలె. అనుమానం మీది, ఆగింది బండి."

సేటు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే సేటెట్లా అవుతాడు. ఇదంతా గారడీ అన్నాడు. ఉట్టి చెవితో అబిడ్స్ దాకా వెనక్కి పోదాం, ఒక్కచోట ఆగినా ఇక్కడికే వచ్చి నోటీసు మీద సంతకం పెడతానన్నాడు. రింగులోంచి కారు చెవి ఊడదీశాడు. గుత్తి మిగిలింది. జేబులో పెడితే తొడకు పొడిచింది. సీటు మీద పెడితే జారి బ్రేకు కిందికి పోబోయింది. నడుముకు చెక్కుకుంటే బెల్టుతో కలిసి పొట్టలోకి దిగింది. వెనక బస్సు డ్రైవరు తల బయటపెట్టి సేటు వంశాన్ని పలకరించడం మొదలెట్టాడు. సేటు ఒక్క క్షణం ఎందుకో తటపటాయించి, గుత్తిని రూఫస్ ఒళ్లో పడేశాడు.

బండి కదిలింది. గతుకులు ఎక్కింది, దిగింది. మెట్రో పిల్లర్ల కింద గుంతలో పడి లేచింది. రెండు బల్బులూ పెళ్లి పందిట్లోలా వెలుగుతూనే ఉన్నాయి. రూఫస్ వేళ్లకు పని లేక గుత్తిలో చెవుల్ని ఒక్కొక్కటే తడుముతున్నాడు. అన్నీ పాత ఇనుము. మధ్యలో ఒక్కటి కొత్త ఇత్తడి. బొటనవేలు దాని పళ్ల మీద పోతూ పోతూ మూడో పన్ను దగ్గర ఆగింది. ఆ పన్ను సగానికి అరగదీసి ఉంది.

ఆ పన్ను రూఫస్‌కు తెలుసు. నిరుడు వానల్లో మల్గి తాళం బిగుసుకుంటే, తన చెవి మూడో పన్నును ఆకురాయితో సగానికి గీకింది తనే.

పోస్టాఫీసు దాటి సందులోకి మలుపు తిరిగేదాకా ఆ చెవిని వేళ్ల మధ్యే పట్టుకుని కూర్చున్నాడు. బండి ఎక్కడా ఆగకుండా మూడో మల్గి ముందుకొచ్చి నిలబడింది. ఆరుగురు కిరాయిదారులూ చాయ్ గ్లాసులతో బయటికొచ్చారు, పందెం సంగతి తెలిసినవాళ్లే. రూఫస్ దిగి, గుత్తిలోంచి ఇత్తడి చెవి ఊడదీశాడు. జేబులోంచి తన చెవి తీశాడు. కారు బానెట్ మీద రెండూ పక్కపక్కన పెట్టాడు. కవలలు.

"ఫాల్టు దొరికింది సేటూ. రెండు దొరికినయ్."

"అదేంది... షార్ట్ సర్క్యూట్ గిట్ల అయితదేమోనని, జాగ్రత్తకు..."

"క్రిస్మస్‌కు అడిగి తీస్కున్నది వాపస్ ఇచ్చినవ్. దీన్ని ఎవరి జాగ్రత్తకు చేయించినవ్?" ఇరవై రెండేళ్లలో రూఫస్ సేటును నువ్వనడం అదే మొదలు. "పా, వకీలు దగ్గరికి మల్ల పోదాం. నోటీసు నువ్వు రాయించు. ఈ చాబీ కథ నేను రాయిస్త."

ఆరు చాయ్ గ్లాసులూ గాలిలో ఆగాయి. దొంగకు తేలు కుడితే అరవడు. సేటు కూడా అరవలేదు. గుత్తి అందుకుని, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలోనే పట్టుకుని, ఒంటి చేత్తో బండి తిప్పుకుని పోయాడు.

నోటీసు రాలేదు. సోమవారం కారు వచ్చింది, కొత్త స్విచ్చు పడింది. చాయ్ ఒకరు అడగలేదు, ఇంకొకరు ఇవ్వలేదు. సేటు బెంచీ మీద సందు చివర వైపు తిరిగి కూర్చున్నాడు, రూఫస్ స్టీరింగు కింద తలపెట్టి పడుకున్నాడు. చూసినవాళ్లు ఇద్దరూ వేరే వేరే కార్ల కోసం వచ్చారనుకుని ఉంటారు.

శుక్రవారం సాయంత్రమే రూఫస్ మోజంజాహి మార్కెట్‌కు పోయి కొత్త తాళం కొన్నాడు. సేటు ఆ ఇత్తడి చెవి ఒక్కటే చేయించాడని ఎవరు చెప్పగలరు. తాళంతో మూడు చెవులొచ్చాయి. ఒకటి జ్ఞానమణికి, ఒకటి ఇంట్లో బియ్యం డబ్బాలోకి. మూడోదాన్ని తన బండి చెవి రింగుకు తగిలించుకోబోయి, ఆగి, చొక్కా జేబులో వేసుకున్నాడు.