నిలబెట్టిన మనిషి

రంగుల మిల్లులో అద్దకం విభాగానికి ఓడ ప్రయాణం బహుమతిగా వచ్చింది. ఎందుకు వచ్చిందో ముందే చెప్పాలి. మూడేళ్లలో ఆ విభాగంలో ఒక్కరు కూడా జబ్బు సెలవు పెట్టలేదు. మరిగే తొట్ల మీద, కళ్లు మండే ఆవిరిలో, పద్నాలుగు మంది మనుషులు మూడేళ్ల పాటు ఒక్క పూట కూడా పడకేయలేదంటే నమ్మేవాడు వెర్రివాడైనా అయి ఉండాలి, మేనేజరైనా అయి ఉండాలి.

వాళ్లూ అందరిలాగే జబ్బు పడేవాళ్లు. జ్వరం వచ్చినవాణ్ని గుడ్డల బేళ్ల వెనక పడుకోబెట్టి, వాడి మెషిన్ కూడా పక్కవాడే నడిపేవాడు. అసలు మంచం దిగలేనివాడి హాజరు కార్డు ఇంకొకడు గేటు దగ్గర గీకేవాడు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు నిలబెట్టడం. “నిన్న బాయిలర్ బాబాయిని నిలబెట్టాం” అంటే, బాబాయి ఇంట్లో మూలుగుతున్నాడనీ కాగితం మీద మాత్రం డ్యూటీ చేశాడనీ అర్థం. పక్క విభాగంలో జబ్బు సెలవులు ఎక్కువయ్యాయని ఆ విభాగాన్ని మొత్తంగా కాంట్రాక్టరు చేతిలో పెట్టారు. అది చూశాక పుట్టిన పద్ధతి ఇది. దీన్ని స్నేహం అనేవాళ్లున్నారు. స్నేహమే. భయం కన్న స్నేహం.

పద్నాలుగు మంది, వాళ్ల మొగుళ్లూ పెళ్లాలూ కలిసి పాతిక మంది దాకా బయల్దేరారు. రేవులో ఓడ కింద నిలబడి తలలు వెనక్కి వాల్చి చూశారు. పదహారు అంతస్తులు. నాలుగు వేల మంది ప్రయాణికులు.

“ఇది ఓడ కాదన్నా, మన మిల్లుకి చక్రాలు పెట్టి నీళ్లలోకి తోసినట్టుంది” అన్నాడు బక్కోడు. తొట్టి మెషిన్ నడిపే మనిషి, విభాగం మొత్తానికి నవ్వులు పంచేవాడు.

“నీళ్లలో చక్రాలెందుకురా?” అన్నాడు విభాగం మేస్త్రి.

“అయితే పీకేసి తోశారు. నీకన్నీ కావాలి!”

మెట్ల దగ్గర మేనేజరు అందరినీ నిలబెట్టి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. ఆఖరి రోజు చివరి రేవులో యజమాని స్వయంగా ఓడ ఎక్కి ఫోటో దిగుతారట. చివర్లో నవ్వుతూ ఒక మాట అన్నాడు: “ఈ ఎనిమిది రోజులూ డ్యూటీ కిందే లెక్క. మన రికార్డు మాత్రం చెడగొట్టకండి బాబూ!”

అందరూ నవ్వారు. నవ్వారే గాని ఆ మాటను ఎవరూ నవ్వులాటగా తీసుకోలేదు. పైవాడు నవ్వుతూ చెప్పిన మాటే ఎక్కువ కాలుతుందని ఆ మిల్లులో అందరికీ తెలుసు.

మేస్త్రికీ అతని భార్యకీ వచ్చిన గది కింది అంతస్తులో ఉంది. కిటికీ లేదు. కిటికీ ఉండాల్సిన చోట సముద్రం బొమ్మ తగిలించారు. మంచం మీద తువ్వాలుని హంసలా మడిచి పెట్టారు. ఆమె మిల్లులో మడత గదిలో పనిచేస్తుంది. హంసని విప్పి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పి, మూడోసారికి పట్టేసింది.

“వచ్చింది పని చేయడానికా, సుఖపడడానికా?” అన్నాడు మేస్త్రి.

“సుఖం ఎట్లా పడతారో నాకు తెలిస్తే కదయ్యా!”

మొదటి రోజు మాత్రం సుఖపడ్డారు. ఆ మాట కాదనకూడదు. ఆమె పై అంతస్తులో వాలు కుర్చీలో మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయింది. పగటిపూట పడుకోవడం పెళ్లయ్యాక అదే మొదలు. మేస్త్రి భోజనాల హాల్లో నలభై రకాలు చూసి, ఏది ఎంచుకోవాలో తెలియక, పక్కవాడు పెట్టుకున్నవే పెట్టుకున్నాడు. ఎక్కడికెళ్లినా కార్డే. గది తలుపుకి కార్డు, హాలు గుమ్మంలో కార్డు, ఆటపాటలకి కార్డు. గీకగానే యంత్రం కూసేది.

రెండో రోజు పొద్దున మేస్త్రికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత విరేచనాలు. సరిగ్గా అప్పుడే గోడలోని మైకు మాట్లాడింది. ఓడలో కడుపు జబ్బు తిరుగుతోంది, లక్షణాలున్నవాళ్లు వెంటనే నర్సుకి ఫోన్ చేయాలి, గది దాటి రాకూడదు, వాళ్ల పేర్లు రాసుకుంటాం అని.

పేర్లు రాసుకుంటాం అన్న ముక్క ఒక్కటే వాళ్లకి వినిపించింది.

ఇరుకు గదిలో ఆరుగురు చేరారు. బాయిలర్ బాబాయి అందరికన్నా పెద్దవాడు. ఆయనే అన్నాడు: “పేరు రాస్తే ఆ కాగితం మేనేజరు చేతికే వెళ్తుంది. ఇంకో ఆరు రోజులేగా. నిలబెడదాం.”

“ఫోన్ చేద్దాం బాబాయ్, ఇది మిల్లు కాదు కదా” అంది మేస్త్రి భార్య.

మేస్త్రి మంచం మీంచే చెయ్యి ఊపాడు. “నోర్ముయ్యవే. నా ఒక్కడి కడుపు నొప్పికి పద్నాలుగు మంది రోడ్డున పడాలా? రెండు రోజుల్లో అదే తగ్గుతుంది.”

బక్కోడు మేస్త్రి కార్డు జేబులో వేసుకున్నాడు. పూటపూటా హాలు గుమ్మంలో రెండు కార్డులు గీకాడు, ఒకసారి తన కోసం, అరగంటాగి టోపీ పెట్టుకుని మేస్త్రి కోసం. తెర మీద మేస్త్రి బట్టతల ఫోటో కనిపించేది. వెనక వందల మంది తోసుకుంటుంటే గుమ్మంలో కార్డులు చూసే పిల్ల తలెత్తేది కాదు. రాత్రి పాటల కచేరీకి కూడా మేస్త్రి ‘హాజరయ్యాడు’.

“అన్నా, నీ వాటా కూడా తినలేక చస్తున్నా. నిన్న నువ్వు రెండు మిఠాయిలు తిన్నావు తెలుసా?” అని తలుపు సందులోంచి చెప్పి పోయేవాడు. మేస్త్రి పెదాలు నవ్వడానికి కదిలేవి.

మూడో రోజు ఓడ ఒక రేవులో ఆగింది. అందరూ దిగి ఇసుకలో నడిచి వచ్చారు. ఆమె గదిలోనే కూర్చుని ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పోసింది. తాగినవి తాగినట్టే బయటికి వచ్చాయి. గది తుడవడానికి వచ్చిన పనామె బకెట్ చూసింది, మంచం చూసింది.

“నేను చెప్పాలమ్మా. రూలు.”

“చెప్తావా?”

పనామె మాసిన దుప్పట్లు మూట కట్టింది. “నాకూ నిన్నటి నుంచి ఇదే. చెప్తే దింపేస్తారు” అని మూట భుజానికెత్తుకుని వెళ్లిపోయింది. అంత పెద్ద ఓడలో పైనుంచి కింద దాకా ఒకటే రోగం. కడుపుది కాదు, నోటిది.

నాలుగో రోజు వాంతులు ఆగాయి. తలుపు దగ్గరికి వచ్చినవాళ్లంతా గండం గడిచిందన్నారు. ఆమె మాత్రం ఇంకొకటి గమనించింది. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆయన ఒంటికి లేవలేదు. రక్తపోటు మాత్ర మాత్రం రోజూ తప్పకుండా వేసుకుంటున్నాడు. ముంజేతి మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే నిలిచింది. ముప్పై ఏళ్లు గుడ్డలు మడిచిన మనిషి ఆమె. తడి ఉన్న గుడ్డకి మడత నిలవదని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఐదో రోజు పొద్దున్నే ఆయన ఆమెని మేనేజరు గారూ అని పిలిచాడు. ఆమె ఫోన్ ఎత్తింది.

“ఎప్పటి నుంచి?” అని అడిగింది నర్సు.

“ఇవాళ పొద్దుట్నుంచి” అంది ఆమె.

ఆలోచించి అన్న మాట కాదు. మూడేళ్లుగా నాలుక అలా తిరగడానికి అలవాటు పడింది. మరుక్షణమే దిద్దుకుంది. “కాదమ్మా, కాదు, నాలుగు రోజులైంది! మనిషి మనిషిలా లేడు!”

“ఏది నిజమమ్మా? ఇక్కడ చూస్తే ఆయన నిన్న రాత్రి భోజనానికి వచ్చారు. కచేరీకీ వచ్చారు. మీ కంగారు నాకర్థమైంది. నీళ్లు తాగించండి. మీ ముందు నూట ఎనభై మంది ఉన్నారు, వరసలో వస్తాం.”

“ఆయన తినలేదమ్మా! కార్డు తిన్నది!”

అవతల ఫోన్ పెట్టేశారు. నర్సుని తిట్టి లాభం లేదు. ముగ్గురు నర్సులు నాలుగు వేల మందిని చూస్తున్నారు. ఎవరు ముందో ఎవరు వెనకో యంత్రం చెప్తోంది. ఆ యంత్రానికి అబద్ధం నేర్పింది వీళ్లే.

ఆమె చెప్పుల్లేకుండా పైకి పరిగెత్తింది. ఈత కొలను పక్కన మేనేజరు విభాగాన్ని మూడు వరసల్లో నిలబెట్టి వీడియో తీయిస్తున్నాడు. యజమాని వచ్చినప్పుడు చూపించడానికట. అందరి తలల మీదా ఒకే రంగు టోపీలు.

“తమ్ముడూ, కిందికి రా. కార్డు నేనే గీకానని నర్సుకి చెప్పు” అంది బక్కోడితో. “నేను చెప్తే నమ్మడం లేదు.”

బక్కోడు మేనేజరు వైపు చూశాడు. “వదినా... ఏ కార్డు?”

“మీ అన్న కార్డు! నీ జేబులో ఉన్న కార్డు!”

“ఏమిటి గొడవ?” అన్నాడు మేనేజరు.

“ఏం లేదు సార్” అన్నాడు బాయిలర్ బాబాయి. “అమ్మాయ్, ఈ వీడియో అయిపోనీ. అందరం కలిసి వస్తాం.”

“అందరూ కలిసి ఎందుకు బాబాయ్, మొయ్యడానికా?”

కొలనులో ఎవరి పిల్లలో కేరింతలు కొడుతున్నారు. ఆమె బక్కోడి చొక్కా పట్టుకుంది.

“మూడేళ్లలో నిన్ను ఎన్నిసార్లు నిలబెట్టాడురా మీ అన్న? నీ కాలు కాలినప్పుడు నీ మెషిన్ ఎవడు నడిపాడు? ఇప్పుడు ఆయన్ని నిలబెట్టొద్దు, పడుకోబెట్టమంటున్నా. ఆయన జబ్బుపడ్డాడని ఒక్కడు, ఒక్కడు బయటికి చెప్పండిరా!”

బక్కోడు తల మీది టోపీ తీసేశాడు. తర్వాత జేబులోంచి రెండు కార్డులు తీశాడు. “నేనే గీకాను సార్. రెండో రోజు నుంచి. మేస్త్రి నాలుగు రోజులుగా లేవలేదు.”

మేనేజరు వీడియో ఆపమని చెయ్యి ఊపాడు. “నేనేదో సరదాకి అన్నానయ్యా! ఎవరైనా సెలవుల్లో రికార్డు చూస్తారా? మీకు బుద్ధుందా?”

ఇది కూడా రాసిపెట్టాలి. ఆయన అన్నది నిజంగానే సరదాకి. ఈ గొడవ దాకా ఆయనకి ఆ మాట మళ్లీ గుర్తు కూడా రాలేదు.

వైద్యశాలకి చేరి, బల్ల దగ్గర వాదించి, కార్డులు చూపించి, డాక్టరు చెవిన వేసేసరికి గంటన్నర గడిచింది. డాక్టరు విన్న తర్వాత ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు. చక్రాల మంచం తీసుకుని తనే కిందికి పరిగెత్తింది. మేస్త్రిని వైద్యశాలకి తెచ్చి రెండు చేతులకీ సూదులు గుచ్చారు. నరం దొరకలేదు. మెడలో గుచ్చారు. ఒడ్డు నుంచి పడవ పిలిపించారు. పడవ రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు.

“ఎన్ని రోజుల నుంచండీ?” అని డాక్టరు మేస్త్రి చెవి దగ్గర అడిగింది, మనిషికి స్పృహ ఉందో లేదో చూడ్డానికి.

“ఇవాళ్టి నుంచే” అన్నాడు మేస్త్రి. స్పష్టంగా అన్నాడు. అదే ఆఖరి మాట.

మధ్యాహ్నం రెండు గంటలకి గుండె ఆగింది. డాక్టరు చాలాసేపు ఛాతీ మీద చేతులు వేసి నొక్కింది. తర్వాత గోడకి ఆనుకుని నిలబడింది. “ఒంట్లో నీళ్లు ఇంకిపోయి, పైగా ఆ రక్తపోటు మాత్రలతో మూత్రపిండాలు ఎప్పుడో ఆగిపోయాయమ్మా. మొన్న తీసుకొచ్చి ఉంటే రెండు సీసాల సెలైన్‌తో లేచి కూర్చునేవాడు.”

ఆమె ఏడవలేదు. ఆయన చొక్కా గుండీలు పెట్టింది. దుప్పటి అంచులు సరిచేసింది. మేస్త్రిని కింద చల్లగదికి తీసుకెళ్లారు. నర్సు మంచం మీది గుడ్డ లాగేసి కొత్తది పరిచింది.

బయట వరండాలో విభాగం మొత్తం నిలబడి ఉంది. బక్కోడు నేల మీద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. డాక్టరు తలుపు తీసి అడిగింది: “మీలో ఇంకెవరికైనా ఉందా?”

“ఎవరికీ లేదు” అన్నాడు మేనేజరు.

“లేదమ్మా” అన్నారు ఇద్దరు ముగ్గురు.

ఆమె డాక్టరు పక్క నుంచి బయటికి వచ్చింది. వరస పొడుగునా ఒక్కొక్కరి ముఖమూ చూసింది. బాయిలర్ బాబాయి దగ్గర ఆగింది. ఆయన గోడని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి.

“నీకెన్ని రోజులు బాబాయ్?”

“నాకేముందమ్మా, వయసు...” అని మేనేజరు వైపు చూశాడు.

“అటు చూడకు. ఇటు, నన్ను చూడు. నా మొగుడు ఇప్పుడే పోయాడు. ఎన్ని రోజులు?”

ఆయన ఆమె వైపు తిరిగాడు. “మూడు” అన్నాడు.

“విన్నారా డాక్టరమ్మా? మూడు. రాసుకోండి.”

మేనేజరు ముందుకొచ్చాడు. “అమ్మా, ఇప్పుడు మీరు దుఃఖంలో ఉన్నారు, కాస్త కూర్చోండి...”

“మీరు కూర్చోండి” అంది ఆమె.

బాబాయిని లోపలికి నడిపించి, మేస్త్రి పడుకున్న మంచం మీదే పడుకోబెట్టారు. గుడ్డ ఇంకా చల్లగా, గంజి వాసనతో ఉంది. నర్సు సెలైన్ సీసా తగిలించే దాకా ఆమె దాన్ని ఎత్తి పట్టుకుంది. తర్వాత గుమ్మంలోకి వచ్చింది. అప్పటికే ఇద్దరు వరసలోంచి కదిలారు. బక్కోడు కూడా గోడ పట్టుకుని లేస్తున్నాడు. మిగిలినవాళ్లు ఇంకా నేల చూపులు చూస్తున్నారు.

“తర్వాత ఎవరు?” అంది. “నిజం చెప్పి లోపలికి రండి.”