కరక్కాయ నీళ్లు

గోవర్ధనరావు పెడన స్టేషన్లో దిగేటప్పటికి తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. అప్పటికింకా ఎండెక్కలేదు. ఏమిటండీ అనడిగినవాళ్లకి పడిశం అని చెప్పాడు.

పడిశం లేదు, పాడూ లేదు. ముందురోజు గుడివాడలో ధనరాజు సెలూన్లో నెరిసిన జుట్టుకి రంగేయించుకున్నాడు. బొంబాయి సరుకు. సీసాలు రెండు. ఎలా పుయ్యాలో అట్ట మీద ఇంగ్లీషులో ఉంది. ధనరాజుకి ఇంగ్లీషు రాదు. గోవర్ధనరావుకీ రాదు. కానీ బట్టల కొట్టు షావుకారు, రాదని ఎలా ఒప్పుకుంటాడు? అట్ట చదివినట్టు తిప్పి చూసి, "ముందీ తెల్లసీసా పుయ్యవోయ్, చాలకపోతే రెండోది" అన్నాడు. తెల్లసీసా జుట్టుని ఉడకేసింది. నెరుపు పోయి ఇటుక పొడి రంగు తేలింది. దువ్వెన పెడితే కొబ్బరి పీచులా తెగి చేతికొచ్చింది. మాడు మీద అక్కడక్కడా పుండ్లు లేచాయి.

ఈ మధ్యాహ్నమే గుడ్లవల్లేరులో పెళ్లిచూపులు. అతనికి నలభై దాటి నాలుగేళ్లు. సంబంధం తెచ్చిన లక్ష్మయ్య ముప్పై రెండని చెప్పి ఒప్పించాడు. కోదండరామయ్య కూతురు సరోజినికి పందొమ్మిది. ఈ తల చూస్తే గుమ్మం ఎక్కనివ్వరు. ఈ సంబంధం తప్పితే ఈ వయసులో ఇంకోటి రాదు.

ఉతికినా పోని నలుపు వెయ్యడం తెలిసిన మనిషి అతనికి ఒక్కతే ఉంది. కోటేశ్వరమ్మ. చచ్చిపోయిన పెళ్లాం వీరలక్ష్మికి అక్క. పెడనలో గుడ్డల మీద అద్దకాలు అద్దిస్తుంది. ఆవిడ గడప తొక్కే మొహం అతనికి లేదు. కిందటేడు వీరలక్ష్మికి టైఫాయిడ్ వచ్చి జుట్టంతా రాలిపోతే, కొట్టుకొచ్చే ఆడవాళ్లు జడుసుకుంటున్నారని నెత్తికి గుడ్డ చుట్టి అక్క దగ్గరికి రైలెక్కించాడు. వెంట కూడా రాలేదు. వానల్లో వీరలక్ష్మి పోయింది. కర్మ నాడు వచ్చి భోంచేసి వెళ్లాడు. అంతే.

అయినా ఇప్పుడు ఆవిడ అద్దకాల పాకకొచ్చాడు.

"ఏం మరిదిగారూ! దారి గుర్తుందే!" అంది కోటేశ్వరమ్మ, లేవకుండానే.

"వదినా, ఒక్క మాట. లోపలికొస్తావా?"

"ఇక్కడే చెప్పండి. పరాయివాళ్లెవరున్నారు?"

అతను తువ్వాలు విప్పాడు. గుడ్డలు ఆరేస్తున్న దేవమ్మ కిసుక్కుమంది.

"నవ్వకే దేవమ్మా. గుడివాడ షావుకారు గారు. జుట్టుకి తుప్పు పట్టింది, అంతే."

గోవర్ధనరావు ఆ మాట మింగేసి, సంగతంతా చెప్పాడు. చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. కోటేశ్వరమ్మ చాలాసేపు అతని నెత్తినే చూసింది. తర్వాత "కూచోండి" అని పీట లాగింది.

కరక్కాయ పొడి పాలల్లో కలిపి గుడ్డలు నానేసిన తొట్టి అక్కడే ఉంది. దేవమ్మ బాల్చీ తెచ్చి దాని పక్కన దించింది. కోటేశ్వరమ్మ కయ్యిమంది.

"ఇనప బాల్చీ అవతలికి తియ్యి! ఎన్నిసార్లు చెప్పానే? కరక్కాయ పట్టిన గుడ్డకి ఇనుము తగిలిందంటే మసైపోద్ది. రేవులో ఉతికినా పోదు."

అతను వినలేదు. కుండలో నల్లనీళ్లు చూస్తున్నాడు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం వేసి పులియబెట్టిన నీళ్లు. ముందు కరక్కాయ పట్టించి, ఆరాక అవి రాస్తే నలుపు తేలుతుందట.

కరక్కాయ నీళ్లు పుండ్ల మీద చురుక్కుమన్నాయి. పళ్లు బిగించాడు. ఆరి, నల్లనీళ్లు పడేసరికి జుట్టు కళ్లముందే కాకిరెక్కలా నల్లబడింది. దేవమ్మ అద్దం తెచ్చిచ్చింది. గోవర్ధనరావు మొహం చాటంతయింది. నోరు కూడా లేచింది.

"గొప్పిల్లు వదినా. వాకిట్లో బోరింగు వేయించాడు కోదండరామయ్య. ఆ వీధికంతటికీ అదొక్కటే."

"నీళ్లు బావుంటాయా?"

"తాగలేం. ఇనప కంపు. పట్టిన బిందె సాయంత్రానికి ఎర్రగా తేలుద్దంట."

కోటేశ్వరమ్మ చెయ్యి ఆగింది.

"వచ్చినవాళ్లకి కాళ్లూ మొహం కడుక్కోడానికి ఆ నీళ్లేనా?"

"మరి! ఆ గొప్ప చూపించుకోరూ?"

ఆవిడ తొట్టి వైపు తిరిగింది. గుడ్డ ముక్క ఒకటి కరక్కాయ నీళ్లలో ముంచి తీసింది.

"మొహం ఇటు పెట్టండి. చర్మం బిగుస్తుంది. ముడతలు కనపడవు."

నుదురు, బుగ్గలు, మెడ, చెవుల వెనకాల, రెండు చేతులూ మోచేతుల దాకా, దేవుడి పటం తుడిచినంత జాగ్రత్తగా పట్టించింది. ఆరాక మళ్లీ పట్టించింది. దేవమ్మ నోరు తెరవబోయింది. కోటేశ్వరమ్మ ఒక చూపు చూసింది. దేవమ్మ గుడ్డలవైపు వెళ్లిపోయింది.

"నీ మేలు మర్చిపోను వదినా. తలకి నీళ్లు తగలచ్చా?"

"వద్దు."

"మొహానికి?"

"మొహానికేం? శుభ్రంగా కడుక్కోండి."

గుడ్లవల్లేరులో లక్ష్మయ్య అతన్ని చూసి "ముప్పై అని చెప్పాల్సింది" అన్నాడు. కోదండరామయ్య ఎదురొచ్చి, తనే బోరింగు కొట్టి, చెంబు అందించాడు. గోవర్ధనరావు చేతిలో ఒంపుకుని మొహాన కొట్టుకున్నాడు.

కోదండరామయ్య చెయ్యి బోరింగు మీదే ఉండిపోయింది. లక్ష్మయ్య "బాబో" అన్నాడు. చేతులు చూసుకున్నాడు గోవర్ధనరావు. మసి. రుద్దాడు. ఇంకా నల్లబడ్డాయి. చెంబు మీద చెంబు పోసుకున్నాడు. మెడ, చెవులు, కళ్లకింద గుంటలు. పోసుకున్నకొద్దీ ముదిరింది. గాభరాలో తడిచేతులు నెత్తిన వేసుకుంటే జుట్టు గుప్పెళ్లతో ఊడొచ్చి వేళ్లకి అంటుకుంది.

కిటికీలోంచి పిల్ల చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నారు. నవ్వింది. ఆపుకోలేక కూలబడి మరీ నవ్వింది. ఆమె నాయనమ్మ వాకిట్లోకొచ్చి కళ్లు చికిలించి చూసింది.

"వీడేనటరా ముప్పై రెండేళ్లవాడు? పొయ్యిలోంచి తీసుకొచ్చావా లక్ష్మయ్యా?"

కోదండరామయ్య లోపల కూచోమనలేదు. "బండందుకోడానికి ఇంకా టైముంది" అన్నాడు.

అతను గుడివాడ పోకుండా పెడన బండెక్కాడు. రైల్లో జనం పక్కకి జరిగారు. పెడనలో దిగి తిన్నగా అద్దకాల పాకకొచ్చాడు.

"తెలిసే చేశావు," అన్నాడు.

"తెలిసే చేశాను."

"పోతుందా?"

"నిమ్మరసానికి విడుస్తుంది. అచ్చు తప్పు పడ్డచోట మేం దాంతోనే తుడుస్తాం. పుండ్ల మీద మాత్రం మంటెత్తుద్ది."

"తియ్యి."

మొహం మీద, చేతుల మీద నలుపు విడిచింది. నెత్తి దగ్గరకొచ్చేసరికి అతను కేకేశాడు. వీధిలోకి వినపడింది. కోటేశ్వరమ్మ ఆపలేదు. చివరికి నెత్తిన పుండ్లు, నాలుగు ఇటుకరంగు పీచులు మిగిలాయి.

"దేవమ్మా, ఆ వెంట్రుకలు ఊడ్చెయ్యి. గుడ్డలకి అంటుకుంటాయి."

లోపలికి వెళ్లి ఒక గళ్ల గుడ్డ తెచ్చి అతని ఒళ్లో పడేసింది. అతని కొట్టులో సరుకే. ఒక చివర పసుపు మరక ఉంది.

"మా చెల్లెలికి మీరు చుట్టి పంపింది ఇదే. ఉతికి దాచాను. చుట్టుకోండి, జనం జడుసుకుంటారు."

అతను కదల్లేదు. ఆవిడే చుట్టింది, ముడి గట్టిగా బిగించి.

"బండొచ్చే వేళైంది. వెంట ఎవర్నీ పంపను."