అడ్మిన్ పాస్‌వర్డ్

తీగ మీది చొక్కాల్ని మళ్లీ జాడించి ఆరేశాను. గాలి ఇనప గనివైపు నుంచి తిరిగితే ఈ కిరండూల్లో తెల్లబట్ట తెల్లగా ఉండదు. మా ఆయన శివప్రసాద్ కాలర్ మీద ఆ ఎర్రదుమ్ము కనబడితే ఆ పూటంతా నాకు పాఠమే. లాప్‌టాప్ ముందు కూర్చునేసరికి పదకొండున్నర.

పెళ్లికి ముందు విశాఖలో మూడేళ్లు ప్రోగ్రాములు రాశాను. ఎనిమిదేళ్లుగా ఈ కంపెనీ క్వార్టర్లో ఉంటున్నాను. పాత స్నేహితురాలు దుర్గాభవాని తన ఆఫీసులో చెప్పి, ఇంట్లోంచి చేసే ఉద్యోగానికి పరీక్ష పంపించింది. రేపు నాలుగింటిలోగా చేసి పంపాలి. అందుకు ఒక టూల్ కావాలి. అది నడవాలంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వర్షన్ కావాలి. మా ఆయన లాప్‌టాప్‌లో ఉన్నది పాతది. కొత్తది వేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. డ్యూటీలో ఉన్న ఆయనకు ఫోన్ చేశాను.

"పాస్‌వర్డా? పప్పు పోపుకి కూడా పాస్‌వర్డ్ కావాల్సొచ్చిందా తులసీ?"

స్పీకర్ పెట్టినట్టున్నారు, అవతల నలుగురి నవ్వులు. "సాయంత్రం చూస్తాలే" అని పెట్టేశారు.

నేనూ నవ్వాను. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నా మీద వేసిన జోకుకి, ఎదురుగా ఎవరూ లేని వంటింట్లో నిలబడి, మర్యాదకి నవ్వాను. స్కూటీ నేర్చుకుంటానన్నప్పుడు చూస్తాలే. పక్కూరు బచేలీ స్కూల్లో కంప్యూటర్ టీచర్ ఖాళీ పడినప్పుడు చూస్తాలే. వద్దని ఒక్కసారీ అనలేదు కాబట్టి ఎదురు తిరగడానికి కూడా నాకేమీ మిగల్లేదు.

మళ్లీ కూర్చుని టూల్ సూచనలు మొదటినుంచీ చదివాను. వర్షన్ మేనేజర్ అనేదొకటి ఉందట. దాన్ని నా సొంత ఫోల్డర్లోనే పెట్టుకోవచ్చు, అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. దాంతో కొత్త పైథాన్ దించుకుంటే, ఆ తర్వాత ప్యాకేజీ మేనేజర్ టూల్‌ని తెచ్చిపెడుతుంది. నల్లతెర మీద మొదటి కమాండ్ కొట్టాను. సగంలో నెట్ పోయింది.

"ఆ డబ్బా ముందు కూర్చుంటే కడుపులు నిండుతాయేంటే? నా మందులేళయింది" అంది మా అత్తగారు గంగారత్నం.

అన్నం పెట్టి, మందులిచ్చి, మళ్లీ మొదలుపెట్టాను. మూడింటికి తెర మీద టూల్ వర్షన్ నంబరు పడింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. "వచ్చిందత్తయ్యా!" అన్నాను.

"అయితే టీ పెట్టు" అంది.

సాయంత్రానికి పరీక్ష సగం అయింది. ఆయనొచ్చి లాప్‌టాప్ తెరిచేటప్పటికి నేను చపాతీలు కాలుస్తున్నాను.

"ఎవర్నడిగి వేశావ్ ఈ చెత్తంతా?"

"పరీక్షండీ, రేపటికి..." అంటూ స్టవ్ ఆపి వచ్చేసరికి టూలూ, సగం చేసిన పరీక్షా ఉన్న నా ఫోల్డర్ లేదు. లాప్‌టాప్‌లో చెత్తబుట్ట కూడా ఖాళీ చేసేశారు.

"స్లో అయిపోతుందే. అయినా నేనేం లోటు చేశానని నీకు ఉద్యోగం?" కోపంగా కాదు, నిజంగా అర్థంకానట్టే అడిగారు.

కంచాలు పెట్టాను. వడ్డిస్తూంటే కమాండ్లు ఒక్కొక్కటీ వరసగా గుర్తొస్తున్నాయి. ఏది ముందో, ఏది తర్వాతో, నెట్ పోతే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో. టూల్ మళ్లీ వేయడానికి రేపు అరగంట చాలు, మిగిలిన టైమంతా పరీక్షకే.

"మజ్జిగ" అన్నారు. పోశాను.

"రేపు మధ్యాహ్నం వంట మీరు చేసుకోండత్తయ్యా. పొద్దున్నే బజార్లో ఆధార్ పన్లు చేసే సోమి వాళ్ల చాయిస్ సెంటర్‌కి వెళ్తున్నాను, అక్కడ కంప్యూటర్లు అద్దెకిస్తారు" అన్నాను. "నాకు పనుంది."